చెంప మీద ఎర్ర చుక్కలు, దారి తప్పిన పూసల వరస: పాత సిగరెట్ కార్డుల మీద మీ ప్రశ్నలు

రెండు సంచికల కిందట పాత సిగరెట్ కార్డుల మీద ఒక చిన్న ముక్క రాశాను గుర్తుందా, ప్యాకెట్లో పెట్టి ఇచ్చిన ఆ బుల్లి రంగుల అట్టల మీద రకరకాల దేశాల, రకరకాల కాలాల బట్టలేసుకున్న మనుషుల బొమ్మలుంటాయి, అవంటే నాకు ప్రాణం అని. ఏదో నలుగురు రాస్తారనుకున్నా, ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు ఊహించలేదు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఒకే విషయం అడిగినవాళ్ళని ఒక ప్రశ్న కింద కలిపేశాను, పేర్లు వేయట్లేదు, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, సిగరెట్ ప్యాకెట్లో అసలు బొమ్మెందుకు పెట్టారండీ? తాగేవాడికి బొమ్మతో ఏం పని?

మొదట అది బొమ్మ కాదండీ, ఉత్త అట్టముక్క. అప్పటి ప్యాకెట్లు మెత్తటి కాగితం పొట్లాలు, జేబులో పెట్టుకుంటే నలిగిపోయి లోపల సిగరెట్లు విరిగిపోయేవి, అందుకని గట్టిగా నిలబడ్డానికి ఒక అట్ట దూర్చేవాళ్ళు. ఎలాగూ అట్ట పెడుతున్నాం కదా అని దాని మీద అచ్చేయడం మొదలైంది. 1880ల్లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ఉన్న అలెన్ అండ్ గింటర్ కంపెనీ ఈ పనిని ఎక్కడికో తీసుకెళ్ళింది, 1886లో 'నేటివ్స్ ఇన్ కాస్ట్యూమ్' అని 50 కార్డుల సెట్టు, 1887లో 'వరల్డ్స్ ఛాంపియన్స్' (తుపాకీ గురికి పేరుపడ్డ ఆనీ ఓక్లీ ఇందులోనే ఉంటుంది), 1889లో 'టైప్స్ ఆఫ్ ఆల్ నేషన్స్'. అదే ఏడు రోచెస్టర్‌లోని కిమ్‌బాల్ కంపెనీ 'డాన్సింగ్ గర్ల్స్ ఆఫ్ ద వరల్డ్' వేసింది.

ఇంత పోటీ ఎందుకంటే మెషీన్ వచ్చేసింది. జేమ్స్ బోన్‌సాక్ అనే కుర్రాడు 1881లో సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు, అది రోజుకి లక్షా ఇరవై వేల దాకా చుట్టేసేది, చేత్తో చుట్టేవాళ్ళు నిమిషానికి నాలుగు చుడితే గొప్ప. సరుకు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాక ఎవరి సిగరెట్టు ఎవరిదో తేడా తెలీనప్పుడు కొనేవాణ్ణి పట్టి ఉంచేది బొమ్మే కదా, సెట్టులో 37 దొరికాయి, ఇంకో 13 కావాలి అనే యావ. 1890లో అయిదు పెద్ద కంపెనీలు కలిసిపోయి అమెరికన్ టొబాకో కంపెనీ అయ్యాయి, పోటీ పోయింది, దాంతో అక్కడ బొమ్మల జోరూ తగ్గింది. అప్పటికి ఇంగ్లండ్‌లో విల్స్, ప్లేయర్స్ వాళ్ళు అందుకున్నారు.

ప్రశ్న: నేను టెక్స్‌టైల్ డిజైన్ స్టూడెంట్‌ని. ఒక మ్యూజియం వెబ్‌సైట్లో 1880ల కార్డు చూశాను, కింద దేశం పేరు ఉంది, పైన ఆ దేశపు అమ్మాయి బొమ్మ. ఆ బట్టల్ని నా ప్రాజెక్టులో ఆధారంగా చూపించొచ్చా?

చూపించొచ్చు తల్లీ, కాకపోతే అది దేనికి ఆధారమో ముందు తేల్చుకోవాలి. దీనికి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నా దగ్గర ఒక కార్డుంది. సైజూ అచ్చూ చూస్తే 1880ల అమెరికన్ కార్డని తెలుస్తుంది, ఒకటిన్నర అంగుళం వెడల్పు, రెండూ ముప్పావు పొడుగు. కింద అంచు చిరిగిపోయింది, దాంతో పాటు దేశం పేరూ కంపెనీ పేరూ పోయాయి. నిజం చెప్పాలంటే ఆ చిరుగే నాకు మేలు చేసింది. పేరుంటే ఏం చేస్తామంటే, పేరు చదివి 'ఓహో ఆ దేశం వాళ్ళు ఇలా ఉంటారా' అనుకుని పక్కన పెట్టేస్తాం. పేరు లేకపోయేసరికి నాకు చూడక తప్పలేదు.

ఎర్ర జాకెట్టు, ఉబ్బుగా తెల్ల చేతులు, నుదుటి మీద నాణేలు గుచ్చిన పట్టీ, మెడలో పూసలు. మామూలుగా చూస్తే ముచ్చటగా ఉంటుంది. లెన్సు పెట్టి ముందు నాణేలు చూశా. వెలుగు పడే వైపు ఏడు నాణేలున్నాయి, ఒక్కోదానికీ కింద సన్నటి నీడ, అంచుకి మెరుపు, చక్కగా గీశాడు. అవతలి వైపుకి వెళ్ళేసరికి అవి పసుపు మచ్చలైపోయాయి, నీడా లేదు అంచూ లేదు. సరే, చీకటి వైపు కదా అనుకున్నా. తర్వాత పూసలు. ఎడమ భుజం దగ్గర మూడు వరసలు బయల్దేరాయి, గడ్డం కింద నుంచి అటు వెళ్ళేసరికి రెండే ఉన్నాయి. మూడో వరస ఏమైంది? వారం రోజులు నాకు ఇదే గోల. ఎదురుగా పూసలేసుకున్న మనిషిని కూర్చోబెట్టుకుని గీసేవాడు ఒక వరస పోగొట్టడు. ఫొటో చూసి గీస్తే మాత్రం పోతుంది, ఎందుకంటే ఆ ఫొటోలో నీడ వైపు అంతా నల్లగా కలిసిపోయి ఉంటుంది, అక్కడ ఏముందో గీసేవాడికి కనపడదు, కనపడనిదాన్ని సర్దేశాడు. అలా నాణేలకి కూడా జవాబు దొరికింది.

ఇప్పుడు జాకెట్టు చూడు. ముందు గుండీల్లేవు, హుక్కుల్లేవు, తాళ్ళు లేవు, భుజం మీద కుట్టు కనపడదు. ఈ జాకెట్టు తొడుక్కోవడం ఎలాగ? ఎంబ్రాయిడరీ అని మనం అనుకునేది దగ్గరికెళితే వరసగా కామాలు పెట్టినట్టు ఉంటుంది, సూదీ దారంతో ఆ గీత రాదు, అది కుంచె గీత. నువ్వు కుట్టు తెలిసినదానివి కాబట్టి నాకంటే ముందే పట్టేస్తావు. బట్టని చూసి గీసినవాడు ఎక్కడో ఒకచోట కుట్టు వేస్తాడు, ముడత ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలుపెడతాడు. ఇందులో ముడతలన్నీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేశాడు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ నాణేల పట్టీ కింద నుదుటి మీదకి చిన్న చిన్న ఉంగరాలుగా కత్తిరించిన జుట్టుంది. నడుము చూస్తే పల్లెటూరి జాకెట్టు కింద కూడా గట్టిగా బిగించినట్టుంది, లోపల కార్సెట్ లేకపోతే ఆ ఆకారం రాదు. ఈ ముంగురులూ ఈ నడుమూ రెండూ 1880ల న్యూయార్క్ ఫ్యాషన్! అంటే ఆ కార్డు ఏ దేశం పేరు చెప్పుకున్నా దాని మీదున్నది అమెరికన్ అమ్మాయే, లేదా అలాంటి అమ్మాయిని మనసులో పెట్టుకుని గీసిన బొమ్మ. బట్టలు మార్చారు కానీ జుట్టు మార్చడం ఎవరికీ తట్టలేదు, రోజూ కళ్ళముందు ఉండేది కాబట్టి అది 'ఫ్యాషన్' అని కూడా వాళ్ళకి అనిపించదు.

ఎక్కణ్ణుంచి వచ్చేవి ఈ వేషాలు అంటావా, ఫొటో స్టూడియోల సంగతి కొంచెం తెలుసుకో. అప్పట్లో న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అని ఒక ఫొటోగ్రాఫర్, అంతకుముందు లితోగ్రఫీ, అంటే రాయి మీద బొమ్మ గీసి అచ్చేసే పని చేసినవాడు, నాటకాల వాళ్ళందరూ అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు. 1882లో ఆస్కార్ వైల్డ్‌ని వెల్వెట్ కోటు, మోకాళ్ళ దాకా ఉండే పాంటు, పట్టు మేజోళ్ళతో ఫొటోలు తీశాడు. బరో-గైల్స్ అనే లితోగ్రఫీ కంపెనీ అందులో ఒకదాన్ని అడక్కుండా 85,000 కాపీలు అచ్చేసింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, ఫొటో అంటే మెషీన్ చేసే పనే కదా దానికి కాపీరైట్ ఏంటి అని కంపెనీ వాదన. 1884లో కోర్టు సరోనీ వైపే తీర్పిచ్చింది, కారణాల్లో ఒకటేంటంటే ఆ బట్టలూ పరదాలూ భంగిమా అన్నీ ఏరి అమర్చింది ఫొటోగ్రాఫరే కాబట్టి అది అతని సృష్టి అని. ఆ మాట పట్టుకో. కాస్ట్యూమ్ అమర్చినది. ఒకరు వేసుకున్నారు, ఒకరు నిలబెట్టి ఫొటో తీశారు, ఇంకొకరు దాన్ని చూసి రాయి మీద గీశారు, మధ్యలో పూసల వరస ఒకటి పోయింది.

కాబట్టి ప్రాజెక్టులో 'ఫలానా దేశంలో ఇలా కట్టుకునేవారు' అని మాత్రం రాయకు. '1880ల్లో అమెరికాలో ఫలానా దేశం వాళ్ళని ఇలా ఊహించుకునేవారు' అని రాయి, దానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. నేతా కుట్టూ కావాలంటే మ్యూజియంలో దాచిన అసలు బట్టలు, తేదీ ఉన్న ఫొటోలు చూడాల్సిందే. ఇంకో పని చెప్తాను, చెయ్యి. ఆ సెట్టులో ఆడవాళ్ళ కార్డులు ఓ పది పక్కపక్కన పెట్టి మెడ కింద భాగం అంతా కాగితంతో కప్పెయ్. ముఖాలు మాత్రమే చూడు. అదే ముక్కు, అదే చిన్న నోరు, తల కాస్త వాల్చినట్టు, ఒంటి రంగు కొంచెం ముదురో లేతో అంతే. చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ మనుషులకి ఆ సెట్టులో సొంత ముఖం కూడా దక్కలేదు. కొన్ని కార్డుల కింద పేర్లు కూడా ఇప్పుడు మనం నోటితో పలకని మాటలే, స్కాన్ పెట్టేటప్పుడు ఆ విషయం కూడా రాయి, దాచకు.

ప్రశ్న: పాత పుస్తకంలో ఒక కార్డు దొరికింది. ఆవిడ బుగ్గల మీదా మెడ మీదా సన్నటి ఎర్ర చుక్కలున్నాయి. ఫంగసా? తుడవచ్చా?

తుడవకండి! దయచేసి తుడవకండి. అది ఫంగస్ కాదు, ఆవిడ ఒంటి రంగే అది.

ఇవి రాయి మీద నుంచి అచ్చేసిన బొమ్మలండీ. జర్మనీలోని బవేరియా నుంచి వచ్చే నున్నటి సున్నపురాయి మీద జిడ్డు ఉండే ఇంకుతో గీసి, తడిపి, రంగు పూస్తే గీసిన చోటే రంగు అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. లేత గులాబీకి ఒకటి, ఎరుపుకి ఒకటి, నీలానికి ఒకటి, అలా ఒక చిన్న బొమ్మ ఎనిమిదీ పది సార్లు ప్రెస్సులోంచి వెళ్ళేది. బుగ్గ గుండ్రంగా కనపడాలంటే రంగుని పలచన చేసే వీలు లేదు, ఇంకు పడితే పడినట్టే, అందుకని పెన్నుతో చుక్కలు పెట్టేవాళ్ళు, నీడ ఉన్నచోట దగ్గర దగ్గరగా, వెలుగు వైపు దూరం దూరంగా. అగ్గిపుల్ల తలంత బుగ్గ మీద ఒక మనిషి కూర్చుని అన్ని చుక్కలు పెట్టాడు. నేను వాటిని చూసినప్పుడల్లా ఆ పెట్టినవాడి కళ్ళు ఏమైపోయాయో అనుకుంటా, పేరు కూడా ఎక్కడా ఉండదు పాపం.

నిజంగా తేమ వల్ల వచ్చిన మరకైతే గోధుమ రంగులో ఉంటుంది, బొమ్మ గీతల్ని పట్టించుకోదు, బుగ్గ దాటి బ్యాక్‌గ్రౌండ్‌లోకి, తెల్ల అంచులోకి పాకుతుంది, చాలాసార్లు వెనక్కి తిప్పితే అదే చోట అటు కూడా కనిపిస్తుంది. దాన్ని కూడా మీరు తుడవద్దు, పొడిగా గాలి ఆడే చోట ఉంచండి చాలు.

ప్రశ్న: ఒరిజినల్‌కీ రీప్రింట్‌కీ తేడా ఎలా కనిపెట్టాలి? ఆన్‌లైన్‌లో కొని ఒకసారి మోసపోయాను.

నేనూ మోసపోయానండీ, మొట్టమొదట కొన్న కార్డే రీప్రింటు, ఏడాది దాకా తెలీలేదు, అందరికీ చూపించుకున్నా కూడా.

పది రెట్లు పెంచే లూపు ఒకటి కొనుక్కోండి, ప్రెస్సు వాళ్ళు వాడేది. ముఖం మీద పెట్టి చూడండి. 1880ల రాయి అచ్చయితే చుక్కలు చిందరవందరగా ఉంటాయి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, చేత్తో పెట్టినట్టు తెలిసిపోతుంది, అడుగున ఉన్న లేత రంగు పూసినట్టు నిండుగా ఉంటుంది. ఇప్పటి రీప్రింటయితే ముఖం మొత్తం నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరస తప్పకుండా చిన్న చిన్న పువ్వుల్లా అల్లుకుని ఉంటాయి. తమాషా ఏంటంటే పాత చేతి చుక్కలు కూడా లోపల కనిపిస్తాయి, ఒక్కో పాత చుక్క పది కొత్త చుక్కలుగా పగిలిపోయి. తర్వాత అక్షరాలు చూడండి. పాతవాటిలో అక్షరం ఒకే రంగు ఇంకుతో అంచు తెగినట్టు ఉంటుంది, రీప్రింటులో అంచు నలిగినట్టు గరగరలాడుతుంది.

కానీ ఒక జాగ్రత్త. వరసగా చుక్కలుంటే చాలు నకిలీ అని తీసి పారేయకండి. 1879 నుంచే బెన్ డే అనే పద్ధతి ఉంది, చుక్కల అచ్చుని రాయి మీదకి ఒత్తేవాళ్ళు, అందులో చుక్కలు వరసగానే ఉంటాయి, కాకపోతే ఒక్కో చోట ఒకే రంగు చుక్కలు. 20వ శతాబ్దపు ఇంగ్లిష్ కార్డుల్లో అయితే నాలుగు రంగుల చుక్కలతో అచ్చేసిన ఒరిజినల్సే బోలెడు. అంటే ఈ పరీక్ష అమెరికన్ 1880ల కార్డులకి బాగా పనికొస్తుంది, మిగతావాటికి వెనక వైపు, మందం, కాగితం అన్నీ కలిపి చూడాలి. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది, ఎందుకంటే 1950 ప్రాంతం నుంచి కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం అలా మెరుస్తుంది, పాత కాగితం మెరవదు. పొగాకు వాసన, గోధుమ మరక ఇలాంటివి నమ్మకండి, టీ నీళ్ళతో ఎవరైనా తెప్పిస్తారు.

నాకు ఎక్కువ ఇష్టమైన గుర్తు ఇంకొకటుంది, రంగు తప్పడం. పది రాళ్ళ మీద పదిసార్లు అచ్చేటప్పుడు కాగితం వెంట్రుకవాసి కదిలినా ఒక రంగు పక్కకి జరుగుతుంది. పెదవుల ఎరుపు గడ్డం మీదకి దిగుతుంది, నీలం రిబ్బను గీతలోంచి బయటికొస్తుంది. దాన్ని లోపమని అనేవాళ్ళున్నారు. నేనైతే అది చూసే కొంటా.

ప్రశ్న: బంగారు రంగు నగలు నల్లబడ్డాయి. బంగారం నల్లబడదు కదా?

బంగారం కాదు కదండీ. జిగురులాంటి వార్నిష్ అచ్చేసి, ఆరకముందే దాని మీద కంచు రంగు పొడి అద్దేవాళ్ళు, అది రాగీ జింకూ కలిసిన పొడి, గాలి తగిలి తగిలి గోధుమ రంగుకి తిరుగుతుంది. రుద్దితే పొడి రాలిపోతుంది, వదిలేయండి. పక్కనుంచి ఏటవాలుగా లైటు వేసి చూడండి, ఇంకా ఎక్కడో ఒకచోట మెరుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: సైనికుల యూనిఫాం కార్డులు కూడా ఈ లెక్కలోకే వస్తాయా?

వస్తాయి, పైగా బట్టల విషయంలో వాటినే కొంచెం ఎక్కువ నమ్మొచ్చు. యూనిఫాంకి రాసిపెట్టిన రూల్సుంటాయి, గుండీలు ఎన్ని, కాలరు ఏ రంగు అని, చూసి గీయడానికి గట్టి ఆధారం ఉంటుంది. విల్స్ వాళ్ళు 1915లో వాటర్‌లూ యుద్ధానికి నూరేళ్ళని 50 కార్డుల సెట్టు తయారుచేసి కూడా బయటికి వదల్లేదు, ఎందుకంటే అప్పటికి ఫ్రాన్సు ఇంగ్లండ్ పక్షాన యుద్ధంలో ఉంది, నెపోలియన్ ఓడిపోయిన బొమ్మలు సిగరెట్ ప్యాకెట్లో పెట్టి పంచితే ఏం బాగుంటుంది. అచ్చయిన కార్డులు అలాగే ఉండిపోయాయి.

ప్రశ్న: నా దగ్గర ప్లేయర్స్ 'డాండీస్' (అంటే షోకిలా మగవాళ్ళు) కార్డులు కొన్ని ఉన్నాయి. బ్రమెల్ అనే ఆయన మెడకట్టు ఎంత తెల్లగా ఉందంటే మిగతా కార్డంతా పసుపెక్కినా అది మెరుస్తున్నట్టే ఉంది. ఆ తెల్ల రంగు ఏంటి?

మీ కన్ను భలే పట్టిందండీ! అక్కడ రంగు లేదు. అది కాగితమే. ఇలాంటి అచ్చులో తెలుపు అంటే ఇంకు పడని చోటు, చుట్టూ ఉన్న రంగులన్నీ తప్పుకుని దానికి దారిచ్చాయి అంతే. మళ్ళీ లూపు పెట్టి చూడండి, మెడకట్టు ముడతలు మాత్రం సన్నటి బూడిద రంగులో ఉంటాయి, మిగతా అంతా ఉత్త కార్డు. చుట్టూ ముదురు కోటు ఉండడం వల్ల మీ కంటికి అలా మెరుస్తోంది, కాగితం అక్కడ కూడా పసుపెక్కే ఉంటుంది. కావాలంటే తెల్ల కాగితానికి చిన్న కన్నం చేసి ఆ మెడకట్టు మీద పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

బ్రమెల్‌కి ఇది సరిగ్గా అతికినట్టుంది నాకు. 1778లో పుట్టి 1840లో పోయాడు, ఆ కాలంలో మగవాళ్ళు పట్టులూ లేసులూ వేసుకుంటుంటే ముదురు రంగు కోటు, గంజి పెట్టిన శుభ్రమైన తెల్ల మెడకట్టు, అంతే చాలు అన్న మనిషి. అతని గొప్పంతా ఆ తెలుపులోనే ఉంది, కార్డులో ఆ తెలుపు కోసం ఏమీ అచ్చేయలేదు. ఆ సెట్టు వచ్చింది 1932లో, 50 కార్డులు, అంటే ఆయన పోయిన తొంభై ఏళ్ళకి గీసింది. ప్లేయర్స్ వాళ్ళే 1912లో డికెన్స్ పాత్రల సెట్టు వేశారు, కిడ్ అని సంతకం చేసే జోసెఫ్ క్లేటన్ క్లార్క్ బొమ్మలు, అవీ అంతే, 1830లూ 40ల నాటి కోట్లని చాలా తర్వాత గీసినవి. వాటిలో కోటు తోకలు ఎంత పొడుగో, టోపీ ఎంత నలిగిందో చూస్తే కథలోని మనిషి గుణం తెలుస్తుంది, దర్జీకి కొలతలు మాత్రం దొరకవు.

ప్రశ్న: మీరు ఇంత ప్రేమగా రాస్తున్నారు. కానీ ఇవి పొగాకు ప్రకటనలే కదా, ఆడవాళ్ళ బొమ్మలు చూపించి కుర్రాళ్ళకి అలవాటు చేయడం. మా నాన్న సిగరెట్ల వల్లే పోయారు. చదువుతుంటే కష్టంగా అనిపించింది.

మీ ఉత్తరం రెండు రోజులు నా టేబుల్ మీదే ఉంది, చివరికి వేద్దామనే నిర్ణయించుకున్నా. మీరు అన్నది నిజం. ఆ బొమ్మలు ఎర. ఆ సంగతి అప్పుడే తెలుసు, ఇప్పుడు మనం కొత్తగా కనిపెట్టింది కాదు. డ్యూక్ కంపెనీ వాళ్ళు నటీమణుల ఫొటోలు, అరకొర బట్టల బొమ్మలు విపరీతంగా పంచారు. 1894లో ఆ ఇంటి పెద్ద, వాషింగ్టన్ డ్యూక్, స్వయంగా కొడుకు జేమ్స్‌కి ఉత్తరం రాశాడు, ఇలాంటి బొమ్మలు పంచడం తప్పు, కుర్రవాళ్ళనీ ఆడపిల్లలనీ చెడగొడుతుంది, ఆపెయ్ అని. సొంత కంపెనీలోనే తండ్రికి మనసొప్పలేదంటే మీకు కష్టంగా ఉండడంలో ఆశ్చర్యమేముంది.

నేను ఆ బొమ్మల్లో చూసేది రాయి మీద వంగిపోయి చుక్కలు పెట్టినవాళ్ళని, వేషం వేసుకుని కదలకుండా నిలబడ్డ ఆ పేరులేని అమ్మాయిల్ని. అయినా వాళ్ళ పనంతా దేనికి వాడారో మర్చిపోయి రాస్తే అది తప్పే. పోయినసారి ముక్కలో ఆ సంగతి ఒక్క వాక్యం కూడా రాయలేదు, రాయాల్సింది. మీ నాన్నగారి గురించి చదివి చాలా బాధపడ్డానండీ.

ప్రశ్న: కొనే స్తోమత లేదు, కానీ దగ్గరగా చూడాలని ఉంది. ఎక్కడ?

కొనక్కర్లేదు, అసలు మంచివన్నీ ఊరికే చూడొచ్చు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జెఫర్సన్ బర్డిక్ కలెక్షన్ ఉంది, మూడు లక్షలకు పైగా కార్డులూ కాగితాలూ. స్కాన్ చేసినవి బాగా పెద్ద సైజులో వాళ్ళ సైటులో ఉన్నాయి, కాపీరైట్ లేనివాటిని 2017 నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకోవచ్చు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో జార్జ్ ఆరెంట్స్ కలెక్షన్ కూడా ఉంది, అదీ ఆన్‌లైన్లో చూడొచ్చు. వెతికేటప్పుడు సెట్టు నంబరు కొట్టండి, అలెన్ అండ్ గింటర్ 'నేటివ్స్ ఇన్ కాస్ట్యూమ్' అయితే ఎన్ 16, 'టైప్స్ ఆఫ్ ఆల్ నేషన్స్' అయితే ఎన్ 24. ఆ నంబర్లు పెట్టింది కూడా బర్డిక్కే.

ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను. సిరక్యూజ్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసే మామూలు మనిషి, పెళ్ళి లేదు, కీళ్ళవాతంతో చేతులు వంకర్లు పోయాయి. కలెక్షనంతా మ్యూజియంకి ఇస్తానంటే అక్కడి ప్రింట్ల క్యూరేటర్ హయట్ మేయర్, మీరే వచ్చి సర్దిపెడితే తీసుకుంటాం అన్నాడు. ఏళ్ళ తరబడి వచ్చి కూర్చుని, ఆ వేళ్ళతోనే ఒక్కోటీ ఆల్బమ్‌లో అతికించాడు. 1963 జనవరిలో పని పూర్తయిందని చెప్పి వెళ్ళి ఆసుపత్రిలో చేరాడు, మార్చిలో పోయాడు. ఈసారి ఆ సైటులో ఏదైనా కార్డు జూమ్ చేసినప్పుడు మూలల దగ్గర ఆయన అతికించిన గుర్తేమైనా ఉందేమో చూడండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, స్కాన్‌ని మరీ జూమ్ చేస్తే ఒక దశ దాటాక కనిపించేవి స్క్రీన్ గళ్ళు, అచ్చు చుక్కలు కావు. గళ్ళు చదరంగా కనిపించగానే ఒక మెట్టు వెనక్కి రండి, అక్కడ ఆపి చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో 1930ల ఇంగ్లిష్ ఆల్బమ్ ఉంది, దుస్తుల సెట్టు, కార్డులన్నీ అతికించేసి ఉన్నాయి. వెనక వైపు చదవాలని ఉంది, ఆవిరి పెట్టి ఊడదియ్యనా?

వద్దండీ. 1930ల్లో చాలా కార్డుల వెనక గమ్ పూసే ఇచ్చారు, పోస్టల్ స్టాంపులాగా తడిపి అతికించుకోమని, ఆవిరి పెడితే గమ్ కరగడం కంటే ముందు కార్డు పొరలు విడిపోతాయి, రంగు ఉబ్బుతుంది. పైగా ఆ ఆల్బమ్‌లలో వెనక ఉండే రాతనే ఒక్కో కార్డు కింద పేజీ మీద మళ్ళీ అచ్చేసి ఇచ్చేవాళ్ళు, ముందు అది చూడండి, మీకు కావాల్సింది చాలావరకు అక్కడే ఉండొచ్చు. ఆల్బమ్‌ని పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టకండి, ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, ఎండ తగలనివ్వకండి. లామినేషన్ మాట ఎత్తకండి. విడి కార్డులుంటే పీవీసీ లేని పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, వాటిలో ఒక్కోటి విడిగా.

ఏ సెట్టో తెలీకపోతే కవర్ పేజీది, ఏదైనా రెండు కార్డులవి ఫొటోలు తీసి పంపించండి, ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుగులో తీస్తే చాలు. పక్కనే ఒక స్కేలు పెట్టండి. విల్స్ వాళ్ళు 1920ల చివర్లో వేసిన 'ఇంగ్లిష్ పీరియడ్ కాస్ట్యూమ్స్' చిన్న సైజులోనూ పెద్ద సైజులోనూ వచ్చింది, స్కేలు లేకుండా ఫొటో చూస్తే ఏదో చెప్పడం నా వల్ల కాదు.